ఎవరిలా ఆడాలి?

ఫిబ్రవరి 10

అక్కా,

ఫోన్ చేస్తే మాట మధ్యలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. వచ్చిన ఉత్తరం చివరిదాకా చదవకుండా పక్కన పడేసే అలవాటు మన ఇంట్లో ఎవరికీ లేదు కదా, ఆ ధైర్యం.

అందరం బాగానే ఉన్నాం. మీ మరిదికి బస్సు రూటు మార్చారు. తెల్లారకముందే డిపోలో ఉండాలిట, ఆ కోపమంతా ఇంటికి మోసుకొస్తున్నాడు. మా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే కొత్త మెషిన్ వచ్చింది. అది వచ్చాక నాకు పని తగ్గింది, ఓనరు గారికి నా మీద అనుమానం పెరిగింది. నిన్న ఒక పెద్దాయన గోడ మీది అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. తీరా చూస్తే బల్ల మీద కూర్చుని ముందువాళ్ళు చదువుతుంటే బట్టీ పట్టాడు. చూపు లేదని ఒప్పుకోవడానికి మనిషికి ఎంత నామోషీనో!

అసలు సంగతికొస్తాను. మా అమ్మాయి ఉడతకి పదహారు నిండాయి. నువ్వు దాన్ని చూసి నాలుగేళ్ళయింది. అప్పుడు నీ వెనక బంతులేరుకుంటూ తిరిగిన పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగు. ఈ ఏడాది ఒక టెన్నిస్ పోటీ పెడతారట. తేదీ, ఊరు ఇంకా చెప్పలేదు. అందులో గెలిచిన పిల్లకి శిక్షణ శిబిరంలో సీటు. తిండి, బస, కోచింగ్ అన్నీ వాళ్ళవే. ఈ ఏడు దాటితే వయసు మించిపోతుందంటారు, అదే ఆఖరి అవకాశం. అది స్కూలు కూడా మానేస్తానంటోంది.

ఒక్క రెండు నెలలు దాన్ని నీ దగ్గరుంచుకుని నేర్పించు. నువ్వు ఆటలో అంతకాలం ఉన్నదానివి. అచ్చం నీలాగే ఆడుతుందక్కా. ఎడమ చెయ్యి కూడా. నీ పాత మ్యాచుల టేపులు చూసి చూసి అరగదీసింది.

నీ చెల్లి

ఫిబ్రవరి 24

చెల్లీ,

చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. పంపకు.

కోపం తెచ్చుకోకుండా మిగతాది కూడా చదువు. అచ్చం నాలాగే ఆడుతుందని రాశావు. కాకిపిల్ల కాకికి ముద్దు. బంతిని కొట్టే ప్రతి పిల్లా వాళ్ళమ్మకి ఎవరో ఒక గొప్పదానిలాగే కనిపిస్తుంది. నువ్వు నాలాగా అన్నావు, పాపం, పోలిక వెతుక్కోవడంలో కూడా నీకు అదృష్టం లేదు.

నేనేం చేస్తున్నానో నీకు సరిగ్గా తెలియదనుకుంటా. అందరికీ "అక్క టెన్నిస్‌లో ఉంది" అని చెబుతున్నావట. ఉన్నాను. లాండ్రీ పైన ఒక గదిలో ఉన్నాను, కింద ఇస్త్రీ పెట్టెల వేడికి నా గచ్చు శీతాకాలంలో కూడా కాలుతుంది. మోకాలికి అది మంచిదే. పని ఏమిటంటే, పెద్ద ఆటగత్తెలు మ్యాచ్‌కి ముందు, ఎదుటి మనిషిలాగా ఆడి చూపించే మనిషిని కూలికి పెట్టుకుంటారు. రేపు ఎత్తుగా బంతులేసే పిల్లతో ఆట ఉంటే నేను ఎత్తుగా వేస్తాను. నెట్ దగ్గరికి పరిగెత్తే పిల్లతో ఉంటే నేనూ మోకాలు పట్టుకుని పరిగెత్తుతాను. పనిలోకెళ్ళిన రోజు నేను అడిగే మొదటి మాట ఒకటే, "ఎవరిలా ఆడాలి?" అని. వీడియో చూపిస్తారు. పేర్లు చెప్పరు, చెబితే కబుర్లు బయటికి పోతాయని భయం. రెండు గంటలు చూస్తే ఎవరి ఆటైనా పట్టుకుంటాను. ఈ విద్యలో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరని అందరూ అంటారు. నా ఆట ఎలా ఉంటుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

దానికి ముందు ఏం చేశానో కూడా చెప్పమంటావా? పన్నెండేళ్ళు అర్హత పోటీలు ఆడాను. అసలు టోర్నీ మొదలయ్యేసరికి సామాను సర్దుకుని బస్టాండులో ఉండేదాన్ని. ఒకే ఒక్కసారి పెద్ద కోర్టులో ఆడాను, అదీ ఎవరికో కాలు బెణికితే. చివరిదాకా బాగానే లాక్కొచ్చాను. చివర్లో ఎప్పుడూ జరిగేదే జరిగింది. ఒత్తిడి వస్తే, మొదటిది తప్పాక వేసే నా రెండో సర్వీసు ఎప్పుడూ ఒకే మూలకి పోతుంది. అది నాకు తెలుసు, ఎదుటివాళ్ళకీ తెలిసిపోయింది. చెయ్యికి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

నన్ను ఆపేవాళ్ళు అప్పుడు లేకపోయారు. అందుకే నేను ఆపుతున్నాను. స్కూలు మానిపించకు.

ఒక పార్సెల్ వస్తుంది. నా రాకెట్లలో మంచిది. నాతో అది ఎక్కువ ఓడిపోలేదు, ఉడతకివ్వు.

నీ అక్క

మార్చి 9

అక్కా,

పార్సెల్ వచ్చింది. విప్పాం. బాగుంది నీ బహుమానం.

ఉడత స్కూలు నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా అట్టపెట్టె చింపింది. "పెద్దమ్మ బ్యాట్" అని ఎగిరింది. తీరా తీస్తే ఒక్క తీగ లేదు. తెగినవి కావు, కత్తెరతో కోసిన తీగలు. అంచుల్లో కొసలు పళ్ళలాగా నిలబడి ఉన్నాయి. ఉడత బ్యాట్ పెట్టెలో పెట్టేసి, వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. దాని మొహం నువ్వు చూడాల్సింది.

పంపకు అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటే పోయేది. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, నువ్వు పొమ్మని కూడా అన్నావు, పొగ కూడా పెట్టావు. చిన్నపిల్లకి తీగలు కోసిన బ్యాట్ పంపేంత మనసు నీకు ఎలా వచ్చిందక్కా? నువ్వు ఆడిన పన్నెండేళ్ళూ ఈ ఇంట్లో నేనేం చేశానో నీకు గుర్తుందా? అమ్మ మంచాన పడితే నేనున్నాను. నీ మ్యాచ్ టీవీలో రాదని తెలిసి కూడా, వస్తుందేమోనని ఆవిడ పక్కన కూర్చుని చానళ్ళు తిప్పింది నేను. ఒక్కసారి నిన్నేమైనా అన్నానా?

ఇది ఈర్ష్య. ఇంకో మాట లేదు. నీకు రానిది నా కూతురికి వస్తుందేమోనని నీ గుండె మండుతోంది.

ఇక మీదట దాని ఆట సంగతులు నీకు రాయను. నువ్వూ రాయకు.

చెల్లి

మార్చి 20

ఒసేయ్ తెలివితక్కువదానా,

మొదట, అది బ్యాట్ కాదు, రాకెట్. ఇన్నేళ్ళు టెన్నిస్ ఇంట్లో ఉండి కూడా నీకు ఆ మాట నోటికి రాలేదు.

రెండోది, పాత తీగలున్న రాకెట్‌ని ఎవరూ అలాగే దూరం పంపరు. దారిలో ఒక్క తీగ పుటుక్కుమంటే మిగతావి ఒకవైపు లాగి చట్రం వంకర తిరుగుతుంది. అందుకే మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, బయటికి కోసుకుంటూ వస్తాం. దాన్ని కొత్తగా చేతికి తీసుకున్న మనిషి తన బలానికి తగ్గట్టు మళ్ళీ తీగలు కట్టించుకుంటుంది, గట్టింగ్ అంటారు దాన్ని. నా తీగలతో ఉడతెందుకు ఆడాలి? ఆటలో ఉన్న ఎవర్ని అడిగినా చెబుతారు. ఎవర్నీ అడగవు నువ్వు. నీ కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఈర్ష్య అన్నావు. అది నాకు మామూలు తిట్టు కాదు. నువ్వు అన్నావు కాబట్టి లోపల చెయ్యి పెట్టి వెతుక్కున్నాను. లేదే. ఒట్టు, లేదు. భయముంది, విసుగుంది, అది లేదు.

ఆ పోటీ తేదీ వచ్చిందా? ఊరు ఏది? రాయి. నేర్పించను కానీ వచ్చి ఆఖరి వరసలో కూర్చుంటాను. ఎవరికీ కనబడను.

నీ అక్క

ఏప్రిల్ 17

చెల్లీ,

జవాబు లేదు. ఉత్తరం అందలేదా, అందీ అందనట్టున్నావా?

సరే, నా కబురు నేను చెబుతాను. లాండ్రీ వాళ్ళకి కొత్త యంత్రాలొచ్చాయి, నా గచ్చు చల్లబడిపోయింది, మోకాలు గోల పెడుతోంది. రేపటి నుంచి మూడు రోజులు ఒక పెద్ద అకాడమీలో పని. వాళ్ళ పిల్ల ఏదో ముఖ్యమైన మ్యాచ్ ఆడాలిట. ఎదుటి పిల్లది ఎడమ చెయ్యిట, అందుకని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఎడమ చేతివాళ్ళం కరువు కదా. చిన్నప్పుడు నా చెయ్యి మార్చాలని నాన్న ఎంత కొట్టాడో, ఆ చెయ్యే ఇప్పుడు తిండి పెడుతోంది.

పోటీ తేదీ రాయి.

అక్క

మే 2

అక్కా,

ఈ పిలుపు ఇదే ఆఖరు అనుకుని రాస్తున్నాను.

ఉడత ఫైనల్ దాకా వెళ్ళింది. నీకు చెప్పలేదు, నేనే వద్దనుకున్నాను. ఫైనల్లో మొదటి సెట్ గెలిచింది. రెండోది పోయింది. మూడోదాంట్లో సరిసమానంగా ఉండగా, దాని రెండో సర్వీసు ఎటొస్తుందో ముందే తెలిసినట్టు ఎదుటి పిల్ల వచ్చి అక్కడ నిలబడేది. ప్రతిసారీ. ముందడుగు వేసి, కాచుకుని, కొట్టేది. ఉడత నావైపు చూసింది. నాకేం తెలుసు అందులో? నేను చప్పట్లు కొట్టాను, అంతే.

సీటు ఆ పిల్లకొచ్చింది.

ఆట అయ్యాక మీ మరిది నీళ్ళసీసా నింపుకోవడానికి వెళ్ళాడు. ఆ పిల్ల అకాడమీ కోచ్ ఎవరితోనో నవ్వుతూ చెబుతున్నాడట, "ఎడమచేతి ఆవిడొకరు మూడు రోజులు వచ్చింది. ఈ ఓడిన పిల్లే అనుకో, ముక్కూ మొహం తప్ప తేడా లేదు. సర్వీసు ఎక్కడ కాచుకోవాలో కూడా ఆవిడే చెప్పింది" అని. ఎడమచేతి ఆవిడ. మోకాలికి నల్లపట్టీ. ఇంకా గుర్తులు చెప్పాలా?

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు రెండూ విప్పాను. అవును, మార్చి నుంచి విప్పలేదు. చివరిదాకా చదవకుండా పక్కన పడేసే అలవాటు మన ఇంట్లో ఎవరికీ లేదన్నాను, నేనే చేసుకున్నాను. తీగల సంగతి తెలిసింది. తేదీ అడిగావని కూడా తెలిసింది. నేను ఆ ఉత్తరం విప్పి ఉంటే నువ్వు ఆ పనికి వెళ్ళేదానివి కాదేమోనని నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు.

అందుకే అడుగుతున్నాను. నీకు తెలియదు కదా? వీడియోలో పేరుండదన్నావు. నాలుగేళ్ళయింది చూసి. తెలియక చేశావు, అంతే కదా? ఒక్క ముక్క రాయి. తెలియదు అని రాయి చాలు, ఈ మాట మళ్ళీ ఎత్తను.

చెల్లి

మే 11

చెల్లీ,

తెలియదని రాయమన్నావు. మొదటి రోజు తెలియదు.

మొదటి రోజు దూరం నుంచి తీసిన వీడియో చూపించారు. టోపీ పెట్టుకున్న పిల్ల. బంతులు అటూ ఇటూ కొట్టుకోవడం తప్ప ఏమీ లేదు. మామూలుగానే అడిగాను, ఎవరిలా ఆడాలని. ఇదిగో ఇలా అన్నారు. కోర్టులోకి దిగాను. చెల్లీ, నాకు ఏమీ పట్టుకోవాల్సిన పని పడలేదు. చెయ్యి తనంతట తనే పోయింది. కాళ్ళు పాత చోట్లకి పోయాయి. పిల్లలు ఈ మధ్య ఇలా ఆడటం మళ్ళీ మొదలుపెట్టారేమో అనుకున్నాను. ఆ సాయంత్రం మోకాలు నొప్పి పుట్టలేదు.

రెండో రోజు సర్వీసులు చూపించారు, దగ్గర నుంచి తీసినవి. ఆ పిల్ల బంతి ఎగరేసేముందు ఎడమ భుజం దగ్గర చొక్కా పైకి లాక్కుంది. ప్రతి సర్వీసుకి ముందూ.

నీకు గుర్తుందా ఆ చొక్కా? నా మొదటి టోర్నీకి అమ్మ కుట్టింది. కొలత తప్పి భుజం వదులైంది, జారుతుంటే లాక్కుంటూ ఆడాను. తర్వాత మంచి చొక్కాలొచ్చినా అలవాటు పోలేదు. నీ కూతురి చొక్కా భుజానికి అతికినట్టు ఉంది. అయినా లాక్కుంటోంది. టేపుల్లో చూసి, అదీ ఆటలో భాగమే అనుకుని నేర్చుకుంది పిచ్చిది. రెండో సర్వీసు కూడా అలాగే నేర్చుకుంది. నా తప్పుని అచ్చుగుద్దినట్టు దించుకుంది.

అప్పుడు తెలిసింది. అక్కడే రాకెట్ కింద పెట్టి వచ్చేయొచ్చు. మోకాలు అని చెప్పినా నమ్మేవాళ్ళు.

రాలేదు. దాని మంచికే చేశానని ఇక్కడ రాయొచ్చు. ఆ బతుకు దానికి రాకూడదని ఓడించానంటే నువ్వు నమ్ముతావు కూడా, ఫిబ్రవరిలోనే వద్దన్నాను కాబట్టి. నాలుగు రోజులు కూర్చుని ఆ ఉత్తరమే రాసి చింపేశాను. అబద్ధం అది. నిజం ఏమిటంటే, ఎనిమిదేళ్ళుగా ఊరందరిలా ఆడుతున్నాను. మొట్టమొదటిసారి నన్ను నాలా ఆడమన్నారు, చూడటానికి కోచ్‌లు నిలబడ్డారు, ఒకతను "ఎంత బాగుంది ఈ ఆట" అన్నాడు. ఇంకో రోజు కావాలనిపించింది. అంతే. దాని పోటీ గుర్తు రాలేదని కాదు, వచ్చింది. పక్కకి నెట్టాను.

మూడో రోజు ఇంకా ఘోరం. నా ఆట ఆడుతున్నాను కదా, ఆ వీడియో మళ్ళీ చూశాను. నాకంటే అది బాగా ఆడుతోంది. నా ఆటని నాకంటే బాగా. నేను పన్నెండేళ్ళు చేరలేని బంతిని అది పదహారేళ్ళకే తేలిగ్గా తీసి పక్కనేస్తోంది. అప్పుడు ఆ అకాడమీ పిల్లతో అన్నాను, "రెండో సర్వీసుకి వెనక నిలబడకు, ముందుకొచ్చి ఈ మూల కాచుకో" అని. నన్ను ఆడమని పిలిచారు, చెప్పమని పిలవలేదు. ఆ మాట నా కూలిలో లేదు. ఇంటిగుట్టు నేనే మోసుకెళ్ళి అప్పజెప్పాను.

నువ్వు మార్చిలో ఈర్ష్య అని రాసినప్పుడు అది నిజం కాదు. ఏప్రిల్లో నిజమైంది. నీ మాట ముందొచ్చింది, అంతే తేడా. ఉత్తరం విప్పలేదని నువ్వు బాధపడకు. తిండి తిను.

క్షమించమని అడగను. కంచే చేను మేశాక ఏ మొహంతో అడుగుతాను?

అక్క

జూన్ 8

మేడమ్ గారికి,

ఇది మా అమ్మాయి చెబుతుంటే రాస్తున్నాను. మాటలు తనవి.

మీ మే నెల ఉత్తరం తను చదివింది. నేను చూపించలేదు, దాచిన చోటు కనిపెట్టి చదివింది. ఏడవలేదు. అటక మీద నుంచి మీ రాకెట్ దించుకుని గట్టింగ్ చేయించుకుంది. వయసు దాటితే దాటింది, శిబిరం లేకపోతే లేదు, పెద్దవాళ్ళ పోటీలే ఆడుతుందట.

తనకి ప్రాక్టీసు పార్టనర్ కావాలి. తన ఆట ఎక్కడ విరుగుతుందో బయట నిలబడి చూడాలంటే, తనలాగే ఆడే మనిషి ఎదురుగా ఉండాలి. అలాంటివారు మీరొక్కరే. ఆ రెండో సర్వీసుని తనే కొట్టి కొట్టి చంపాలిట. అది చచ్చాక మీతో పని ఉండదు.

షరతులు ఇవి. పెద్దమ్మగా రావద్దు, పనికి రండి. మామూలుగా మీరు తీసుకునే కూలే ఇస్తాం. మా ఇంట్లో దిగవద్దు, స్టేడియం పక్కన లాడ్జి ఉంది. కోర్టులో స్కోరు తప్ప మాట్లాడవద్దు. తను మిమ్మల్ని మేడమ్ అంటుంది, మీరు తనని ఉడతా అని పిలవకూడదు. ఎవరిలా ఆడాలని మీరు అడుగుతారట కదా. మీలాగే ఆడాలి, ఇంకెవరిలా ఆడినా కూలి ఉండదు.

ఇంతవరకు అమ్మాయిది. నాకు మీరు రావడం ఇష్టం లేదు. తెలియదు అని ఒక్క ముక్క రాయమన్నాను. మీరు రాయలేదు. రాసి ఉంటే నేను నమ్మేదాన్ని, ఇంకో అరవై ఏళ్ళు నమ్మేదాన్ని. మా షాపుకొచ్చి బట్టీ పట్టి చదివే ఆయనలాగే నేను కూడా బతికేసేదాన్ని. అది కూడా మీరు ఉంచలేదు.

ఇట్లు,
అమ్మాయి తల్లి

జూన్ 19

అమ్మాయి తల్లిగారికి,

షరతులన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను. సోమవారం పొద్దుటికి కోర్టులో ఉంటాను. లాడ్జి నేనే చూసుకుంటాను.

ఒక్క విషయం మాత్రం ముందుగా అమ్మాయికి చెప్పండి. నాలాగే ఆడాలన్నారు కాబట్టి, సర్వీసుకి ముందు నేను భుజం దగ్గర చొక్కా లాక్కుంటాను. అది పనిలో భాగమే. తనని వెక్కిరిస్తున్నాననుకుంటుందేమో, కాదని చెప్పండి. కోర్టులో నేను చెప్పకూడదు కదా.

ఇట్లు,
ప్రాక్టీసు పార్టనర్